పగలు సూది, రాత్రి పాత పుస్తకం: దసరా తర్వాతి తీరిక రోజులకు

మీ ప్రశ్న చదివాను. బ్యాంకు ఉద్యోగం నుంచి ఈ మధ్యే రిటైరయ్యారు, ఉండేది ఖమ్మంలో. దసరాకు వచ్చిన పిల్లలు వెళ్ళిపోయాక ఇల్లు బోసిగా ఉంది. హైస్కూల్లో నేర్చుకున్న ఎంబ్రాయిడరీ మళ్ళీ పట్టుకోవాలని, పాత పుస్తకాలు కొని చదువుకోవాలని అనుకుంటున్నారు. ఏ బట్ట, ఏ దారం, పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, వాటితో పాటు పురుగు ఇంట్లోకి రాదా, అమ్మగారు వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించి దాచుకున్న సీరియళ్ళ కుట్లు ఊడిపోయాయి ఏం చెయ్యాలి, ఈ వయసులో కళ్ళు సహకరిస్తాయా అని అడిగారు. నేను విజయవాడలో ఒక బాలికల హైస్కూల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరైనదాన్ని. పాత పుస్తకాల పిచ్చి ఆ ఉద్యోగానికి ముందు నుంచే ఉంది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదువుకోండి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది వేళల గురించి. సూదికి పగలు, పుస్తకానికి రాత్రి. ఈ ఒక్క పద్ధతి పెట్టుకుంటే మీరు అడిగినవాటిలో సగం చిక్కులు రావు. చాలామంది పగలంతా ఇంటి పనులు ముగించుకుని, రాత్రి భోజనాలయ్యాక ట్యూబులైటు కింద సూది పడతారు. తెల్ల బట్ట మీద తెల్ల దారం కనబడదు, ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది, పొద్దున లేచి చూసుకుంటే ఆకుపచ్చలు రెండూ తారుమారై ఉంటాయి. ఇంకేముంది, తలనొప్పి, విసుగు, "మనవల్ల కాదులే" అని సంచీలో పెట్టి అటక ఎక్కించెయ్యడం. పుస్తకం సంగతి అలా కాదు. అక్షరం నల్లగా, కాగితం లేతగా ఉంటుంది కాబట్టి మంచి టేబుల్ లైటు ఉంటే చాలు.

ఈ ఋతువు సూదిపనికి బాగుంటుందని మా వాళ్ళంతా అనడానికి కారణం చలి ఒక్కటే కాదు. ఆశ్వయుజం సగానికి వచ్చేసరికి మీ వైపు వానలు వెనక్కి తగ్గుతాయి, గాలిలో తేమ పోతుంది, అరచేయి చెమట పట్టదు. చెమట చేతికి సూది జారుతుంది, తుప్పు పడుతుంది, లేత రంగు దారం మాస్తుంది. మే నెలలో ఎంత ఫ్యాను కింద కూర్చున్నా ఈ బాధ తప్పదు. పైగా కార్తీకంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం వైపు వరండా గానీ కిటికీ గానీ ఉంటే పదకొండు నుంచి నాలుగు దాకా ఏటవాలు వెలుగు వస్తుంది. నవంబరులో ఆరు కాకముందే చీకటి పడుతుంది, అప్పుడు సూది పక్కన పెట్టెయ్యండి. మా విజయవాడలో మాత్రం ఈ రోజులు మీ అంత పొడిగా ఉండవు. అక్టోబరు, నవంబరు అంటే మాకు తుపాన్ల టెన్షన్ కూడా. ముసురు పట్టిన రోజున నేను సూది ముట్టను.

కూర్చునే తీరు కూడా చెప్తాను. మీరు కుడిచేత్తో కుట్టేవారైతే వెలుగు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే మీ చేతి నీడే కుట్టు మీద పడుతుంది. ఒళ్ళో ఒక దిండు పెట్టుకుని పనిని కళ్ళ దగ్గరకు తెచ్చుకోండి. మెడను పని దగ్గరకు వంచకండి.

ఇక ఏం కుట్టాలి. దుప్పటి, చీర అంచు, సోఫా కవర్ల సెట్టు లాంటివి ఇప్పుడే మొదలుపెట్టొద్దు. పెద్ద పని మొదట్లో ఉత్సాహంగా ఉంటుంది, మూడో పువ్వు దగ్గర ఆగిపోతుంది. చేతిగుడ్డ కంటే కాస్త పెద్ద గుడ్డ ఒకటి తీసుకుని దాని మీద ఈ కాలపు పూలే కుట్టండి. మీరు బతుకమ్మ పేర్చే ఊళ్ళో ఉన్నారు కాబట్టి నమూనా కోసం ఎక్కడా వెతకక్కర్లేదు. గునుగు, తంగేడు, బంతి. వీటితో పాటు ఏటి గట్ల మీద తెల్లగా ఊగే రెల్లు. నాలుగూ నాలుగు రకాల కుట్లు అడుగుతాయి, మీరు స్కూల్లో నేర్చుకున్నవన్నీ మళ్ళీ చేతికి వస్తాయి.

గునుగు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ దాన్ని ఒకే గులాబీ రంగు గీతల్లా కుట్టి పాడుచేస్తారు. ఒక గునుగు కంకి కోసుకొచ్చి పక్కన పెట్టుకుని చూడండి. కొసన గులాబీ, కిందికి వచ్చేకొద్దీ వెలిసిపోయి వెండి తెలుపు. ఈ మార్పు మధ్యలో ఎక్కడా గీత గీసినట్టు ఉండదు. దాన్ని దారంతో తేవాలంటే సూదిలో ఎప్పుడూ రెండు పోగులు ఉండాలి. ముందు కొసన ఆ రెండు పోగులూ గులాబీవే పెట్టి, పొట్టి పొట్టి నిలువు కుట్లు పైకి ఎగదోసినట్టు వెయ్యండి. మధ్య భాగానికి వచ్చాక ఒక పోగు గులాబీ, ఒక పోగు తెలుపు కలిపి ఒకే సూదిలో ఎక్కించండి. అడుగు భాగానికి రెండూ తెలుపే, అయితే పాల తెలుపు కాదు, కాస్త బూడిద కలిసిన తెలుపు. కుట్లు వరసల్లో పేర్చినట్టు కాకుండా ఒకదాని సందులో ఒకటి దూరాలి. కంకి అంచు నున్నగా రాకూడదు, ముళ్ళుముళ్ళుగా ఉండాలి. కాడకు కాడ కుట్టే, ఒక్క పోగుతో. ఒక కంకి కుదిరాక మీరే ఇంకో నాలుగు వేస్తారు.

తంగేడుకు ఐదు రేకులు. రేకుకో విడి గొలుసు కుట్టు వేసే లేజీడేజీ సులువు, కానీ తంగేడు రేకు ముడతలు పడి ఉంటుంది కాబట్టి కాజా కుట్టు దగ్గరదగ్గరగా వేస్తే బాగుంటుంది. పసుపు ఒకటే చాలదు, పక్కపక్క నంబర్లవి రెండు పసుపులు తీసుకోండి. బంతికి గొలుసు కుట్టు బయట నుంచి లోపలికి చుట్టుకుంటూ పోవడమే, మధ్యలో నాలుగు ముడి కుట్లు. రెల్లు కుట్టాలంటే మాత్రం బట్ట తెల్లది అయితే లాభం లేదు. అందుకే నేను లేత నీలం గానీ, ఉతికి వెలిసిన ఇటుక రంగు గానీ తీసుకోమంటాను.

బట్ట విషయంలో డబ్బు పోయకండి. కేస్‌మెంట్ అనే నూలు బట్ట అర మీటరు చాలు. మంగళగిరి కాటన్ ముక్క ఏదైనా ఇంట్లో ఉంటే ఇంకా మంచిది, సూది సుతారంగా దిగుతుంది. సిల్కు, జార్జెట్టు, సాగే బట్టలు ఇప్పుడు వద్దు. కొత్త బట్ట అయితే ముందు ఒకసారి నానబెట్టి ఉతికి, గంజి పోగొట్టి, ఇస్త్రీ చేసి తర్వాతే మొదలుపెట్టండి. కుట్టాక బట్ట కుదించుకుపోతే మీ పువ్వు ముడుచుకుపోతుంది. అప్పుడు దానికి మందు లేదు.

దారం యాంకర్ కంపెనీ లచ్ఛీలు (చిన్న దారం చుట్టలు) తీసుకోండి. ఒక్కో లచ్ఛీలో 6 పోగులు, 8 మీటర్లు ఉంటుంది. రంగు నంబరు ఉన్న కాగితం పట్టీ పారేయకండి, సగంలో దారం అయిపోతే ఆ నంబరే దిక్కు. అదే రంగు అనుకుని కళ్ళతో పోల్చి తెచ్చిన దారం ఇంటికొచ్చి చూస్తే వేరేగా ఉంటుంది. పోగులు విడదీసేటప్పుడు రెండు పోగులు కావాలని రెండూ కలిపి లాగొద్దు. ఒక్కొక్కటి నిటారుగా పైకి లాగి, తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టుకోండి. అప్పుడు చిక్కు పడదు, కుట్టు కూడా నిండుగా కూర్చుంటుంది. పొడవు మూరెడు చాలు. మాటిమాటికీ సూదిలో దారం ఎక్కించడానికి బద్ధకించి బారెడు దారం తీసుకునేవాళ్ళ దారం సగం దూరం పోయేసరికి నూగు లేచి, మెరుపు పోయి, చివరికి ముడి పడుతుంది. మా స్కూల్లో పిల్లలకు నేను ఎక్కువగా చెప్పిన మాట ఇదేనేమో.

ఎర్ర దారం, ముదురు నీలం, మెరూన్ మీద ఎప్పుడూ అనుమానంతోనే ఉండండి. చిన్న ముక్క దారాన్ని తడి తెల్లగుడ్డలో మడిచి పైనుంచి ఇస్త్రీ పెట్టె వేడిగా అదమండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం ఈ పనికి వద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలబడుతుందని అంటుంటారు, దాన్ని నమ్ముకోకండి.

సూదులు ప్యాకెట్టుగా దొరుకుతాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. రెండు పోగులకు 7, 8 నంబర్లు సరిపోతాయి. కంటికి కాస్త పెద్ద బెజ్జం కావాలనిపిస్తే 5. ఫ్రేము చిన్నది, ఆరంగుళాలది తీసుకుని లోపలి రింగుకు పాత నూలు పీలిక చుట్టి కుట్టెయ్యండి, బట్ట జారదు. రోజూ పని ఆపగానే ఫ్రేము తీసెయ్యాలి. అలాగే వదిలేస్తే పడిన గుండ్రటి మడత, దానికి తోడు మురికి గీత తర్వాత ఎంత ఉతికినా పూర్తిగా పోవు.

డిజైను ఎక్కించడానికి కార్బను పేపరు ఉంది, కిటికీ అద్దానికి ఆనించి పెన్సిలుతో గీసుకోవచ్చు. మా రోజుల్లో ట్రేసింగు కాగితానికి సూదితో బెజ్జాలు చేసి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి గుడ్డతో అద్దేవాళ్ళం, మగ్గం వర్కు వాళ్ళు ఇప్పటికీ ఇలాంటి పద్ధతే వాడతారు. ఇంట్లో ఒక్క గుడ్డకు అంత అవసరం లేదు. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులు వచ్చాయి, సుఖంగానే ఉంటాయి. కాకపోతే ఆ గీతలు గడ్డకట్టే చలిలో మళ్ళీ తేలతాయి. ఖమ్మంలో భయం లేదు గానీ, అమెరికాలో అమ్మాయికి పంపే పని మీద మాత్రం వాడకండి!

కళ్ళ సంగతి అడిగారు. ముందు కంటి పరీక్ష చేయించుకోండి, డాక్టరుకి "చదవడానికి" అని మాత్రమే చెప్పకుండా "కుట్టుపని చేస్తాను, ఇంత దూరంలో పట్టుకుంటాను" అని చేత్తో చూపించండి. పుస్తకం పట్టుకునే దూరం వేరు, ఫ్రేము పట్టుకునే దూరం వేరు. క్రాస్ స్టిచ్ చెయ్యాలనుకుంటే మ్యాటీ బట్ట లాంటి గళ్ళు కనబడేదే తీసుకోండి, ఒళ్ళో ముదురు రంగు గుడ్డ పరుచుకుంటే బట్టలోని బెజ్జాలు స్పష్టంగా కనబడతాయి. ముదురు బట్ట మీద కుట్టేటప్పుడు ఒళ్ళో తెల్లగుడ్డ. పది పదిహేను నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చెట్టు వైపు చూడండి. అంతకు మించి చెప్పేది లేదు.

మీరు రాసిన దానిలో ఒక చోట "కుట్టినవి అమ్ముకోవచ్చని మా చెల్లెలు అంటోంది" అన్నారు. వద్దని నా సలహా, కనీసం మొదటి ఏడాది. నరసాపురం, పాలకొల్లు వైపు ఇంటింటా లేసు అల్లే ఆడవాళ్ళున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, 2024లో నరసాపురం క్రోషే లేసుకు జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది. ఆ చేతుల్లోని వేగం, నాణ్యత చూస్తే మనం నోరెత్తం. ఇంత చేసీ వాళ్ళకు అందే కూలి చాలా తక్కువ, మధ్యలో ఏజెంట్లు, ఎగుమతిదారులు. మనం కాలక్షేపానికి కుట్టినదానికి ధర కట్టడం మొదలెడితే ఒకటి మన తీరిక పోతుంది, రెండోది ఎంత పెట్టినా అన్యాయమే అనిపిస్తుంది. ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వండి.

ఇప్పుడు పుస్తకాలు. ఖమ్మం నుంచి హైదరాబాదు కంటే విజయవాడే దగ్గర. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలు వరసగా ఉంటాయి. హైదరాబాదు వెళ్ళే పని పడితే ఆదివారం చూసుకుని ఆబిడ్స్ వెళ్ళండి, షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్ పొడవునా పుస్తకాలు పరుస్తారు. కోఠీలో ఎక్కువగా కాలేజీ, పోటీ పరీక్షల పుస్తకాలే, మీకు పెద్దగా పనికిరావు. వీటన్నిటికంటే ముందు మీ వీధి చివర పాత పేపర్లు కొనే కొట్టువాడికి చెప్పి ఉంచండి. దసరా, సంక్రాంతులకు ఇళ్ళు దులిపినప్పుడు వారపత్రికలు, పాత నవలలు కట్టలుగా అక్కడికే చేరతాయి. కిలో లెక్కన వాడు కొన్నదానికి మీరు కాస్త ఎక్కువ ఇస్తే పక్కన తీసి పెడతాడు.

ఏం కొనాలో చెప్పను, అది మీ ఇష్టం. ఎలా చూసుకోవాలో చెప్తాను. పుస్తకం చేతిలోకి తీసుకోగానే చివరి పేజీ చూడండి, కథ నిజంగా అక్కడే ముగిసిందా అని. అద్దె లైబ్రరీల ముద్ర ఉన్న పాత నవలలకు ఈ జబ్బు ఎక్కువ, వందల చేతులు మారి ఉంటాయి కాబట్టి చివరి ఆకు ఊడిపోయి ఉంటుంది. తర్వాత ఫారాలు చూసుకోండి. పుస్తకాలు ఎనిమిదేసి, పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయి, చాలా పాత పుస్తకాల్లో ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది. ఆ అంకెలు వరసగా ఉంటే మధ్యలో ఫారం ఎగిరిపోలేదన్న మాట. ప్రభుత్వ గ్రంథాలయం ముద్ర ఉండి, దాన్ని కొట్టేసిన గుర్తు లేకపోతే అది ఎవరో తిరిగి ఇవ్వని పుస్తకం, నేనైతే ముట్టుకోను.

నల్లటి, బూజు లాంటి మచ్చలు నూగుగా ఉన్నది ఎంత అరుదైనదైనా వదిలెయ్యండి. పసుపు రంగుకు తిరగడం వేరు, అది మామూలే. చౌక న్యూస్‌ప్రింటులో ఆమ్లం ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకు వచ్చి పెళుసుబారుతుంది.

మాస్కో నుంచి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణల తెలుగు పుస్తకాలు కనబడితే పిల్లల పుస్తకమైనా సరే తీసి చూడండి. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయాక ఆ రాక ఆగిపోయింది. అప్పట్లో చాలా చౌకగా అమ్మినవే, ఇప్పుడు అమ్మేవాళ్ళకు వాటి విలువ తెలిసిపోయింది కాబట్టి బేరం గట్టిగానే ఉంటుంది. 1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలకూ అంతే. చదువుకోవడానికే అయితే అంత పెట్టక్కర్లేదు, అట్ట లేనివి, ముందు పేజీ చిరిగినవి సగం ధరకు ఇస్తారు. పాత మహిళా మాసపత్రికలు మాత్రం వదలకండి. ఎంబ్రాయిడరీ డిజైన్లు, స్వెట్టరు లెక్కలు, ముగ్గులు, ఊరగాయలు అన్నీ ఒకే సంచికలో ఉంటాయి. డిజైను పేజీ మధ్యలో మడతపెట్టి ఉంటే విప్పి చూడండి, ఎవరో పెన్సిలుతో "3 పోగులు" అని రాసి పెట్టుకుని ఉండొచ్చు.

మీ అమ్మగారి బైండు సీరియళ్ళ దగ్గరకు వస్తాను. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది అదే. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికల సీరియళ్ళను వారంవారం చింపి, వరసగా పెట్టి, ఆఖరి భాగం వచ్చాక బైండు చేయించడం మన ఇళ్ళలో ఒక తరం ఆడవాళ్ళ అలవాటు. అదే సీరియల్ తర్వాత నవలగా వచ్చి ఉండొచ్చు, ఆ నవల ఇప్పటికీ దొరకొచ్చు. కానీ నవలలో వారంవారం బొమ్మలు ఉండవు. ప్రతి భాగం చివర "సశేషం" ఉండదు. పేజీ వెనక సగం తెగిన జోకు, సబ్బు ప్రకటన, పాఠకుల ఉత్తరం ఉండవు. ఏ సీరియల్ దాచుకోవాలి, ఏది పాత పేపర్లలో వెయ్యాలి అన్నది ఆవిడే తేల్చుకుని ఉంటారు, అది కూడా ఆ బైండులో ఉంది. అందుకని దాన్ని కొత్తగా కనబడేలా చేయించాలని దగ్గర్లోని బైండరుకు ఇచ్చెయ్యకండి. ముందు అంచులు కోసేస్తాడు, దాంతో చివరి వరస అక్షరాలు పోతాయి.

ఇంట్లో మీరే చెయ్యొచ్చు. ముందు కాగితం కుట్టుకు తట్టుకుంటుందా చూడండి. అచ్చు లేని మూల ఒకటి చూసుకుని కొస కొంచెం అటూ ఇటూ మడవండి. తెగిపోతే ఇక సూది మాట వద్దు, అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచి, పేజీలు ఫోటోలు తీసుకుని ఫోనులో చదువుకోండి. మడత ఆగితే ధైర్యంగా ముందుకు వెళ్ళొచ్చు. బైండరు వేసింది పక్క కుట్టు అయి ఉంటుంది, అంటే వెన్ను నుంచి కాస్త లోపలికి, దబ్బనంతో అన్ని పేజీలూ కలిపి పొడిచినది. పాత దారం ముక్కలు కత్తిరించి తీసెయ్యండి. పేజీలు వరసగా సర్ది, నేల మీద నిలబెట్టి తట్టి, పైనా కిందా అట్టముక్కలు పెట్టి బట్టల క్లిప్పులు బిగించండి. కొత్త బెజ్జాలు వెయ్యొద్దు, పాత బెజ్జాల్లోంచే దబ్బనం పోనివ్వండి. దారం లావుపాటి నూలుది, తేనెమైనం మీద లాగి ఉంచుకోండి, మైనం లేకపోతే కొవ్వొత్తి. నైలాను దారం గట్టిగా ఉంటుందని వాడతారు, అది రంపంలా కాగితాన్ని కోస్తుంది. బిగుతుగా లాగాలనిపిస్తుంది, లాగకండి.

మధ్యలో పిన్నులు కొట్టిన పలుచటి పత్రికలకు ఇంకా తేలికైన కుట్టు ఉంది. పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి, కాబట్టి మధ్య పేజీ తెరిచి, చాకు కొసతో పిన్ను కాళ్ళు నిటారుగా చేసి వెనక నుంచి మెల్లగా లాగెయ్యండి. మడత వెంట మూడు బెజ్జాలు కావాలి, పిన్నులవి రెండు ఎలాగూ ఉన్నాయి, వాటి నడుమ ఒకటి పొడవండి. లోపలి వైపు నుంచి మధ్య బెజ్జంలో సూది దించి, దారం కొస నాలుగంగుళాలు లోపలే వదిలెయ్యండి. బయటికి వచ్చిన సూదిని పై బెజ్జంలోంచి లోపలికి తెచ్చి, మధ్య బెజ్జాన్ని దాటించి కింది బెజ్జంలోంచి బయటికి పంపి, మళ్ళీ మధ్య బెజ్జంలోంచి లోపలికి తీసుకోండి. ఇప్పుడు రెండు కొసలూ మధ్యలోనే ఉంటాయి, వాటి నడుమ నిలువుగా ఒక పొడుగు దారం ఉంటుంది. కొసలు దానికి చెరో పక్కన ఉండేలా చూసుకుని, దాని మీదుగా ముడి వేసి, అర అంగుళం వదిలి కత్తిరించండి. పాత చందమామకు ఇది ఐదు నిమిషాల పని. ఎంబ్రాయిడరీ దారమే మూడు పోగులతో వాడొచ్చు.

చిరిగిన పేజీలకు సెల్లోటేపు అసలు వెయ్యకండి. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమ రంగు చారగా అక్కడే ఉండిపోతుంది. పలుచటి టిష్యూ కాగితం చించి, గోధుమ పిండి గంజి పలచగా పూసి అతికించి, బరువు కింద ఆరనివ్వండి. బైండర్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం, మీరు కలపకండి. ఏ రోజు గంజి ఆ రోజు కాచుకుంటే సరిపోతుంది.

పురుగు భయం నిజమైనదే. కొత్తగా తెచ్చిన పాత పుస్తకాన్ని నేరుగా అరలో పెట్టొద్దు. ముందు పేజీలు విప్పి దులపండి. తవుడు లాంటి పొడి రాలినా, పేజీల గుండా సన్నటి బెజ్జాలు కనిపించినా అనుమానించాలి. దాన్ని గాలి చొరని జిప్ కవర్లో పెట్టి, గాలి అదిమి తీసి, ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక వెంటనే కవరు విప్పొద్దు, ఒక రోజంతా అలాగే వదిలేస్తే తేమ కవరు బయట పడుతుంది, పుస్తకం పొడిగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు చేపల పక్కన నవల ఏమిటని నవ్వితే నవ్వనివ్వండి. పాత వాసన పోవాలంటే మూత ఉన్న డబ్బాలో గిన్నెడు వంటసోడా పెట్టి, దానికి తగలకుండా పుస్తకం నిలబెట్టి కొన్నాళ్ళు మూసి ఉంచండి. ఎండలో పెడితే అట్ట వంకర పోతుంది, రంగు వెలుస్తుంది, నీడపట్టున గాలి తగిలితే చాలు. కలరా ఉండలు పడకగదిలో, తల దగ్గరి అరలో పెట్టకండి, ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. చెదలు వచ్చేది గోడ నుంచే కాబట్టి చెక్క అర అయితే గోడకు నాలుగు వేళ్ళ దూరం జరపండి, ఇనుప బీరువా అయితే ఇంకా నిశ్చింత.

కొనకుండా చదవాలనుకున్నా దారులున్నాయి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, మీ జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోవడానికి అది మంచి సాకు. పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు చాలానే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వెబ్‌సైటులో స్కాన్ అయి ఉన్నాయి. మీ అమ్మగారి బైండులో ఏదైనా వారం భాగం లేకపోతే అక్కడ దొరికే అవకాశం ఉంది, ప్రింటు తీసి ఆ చోట పెట్టుకోవచ్చు.

రెండూ ఒకేసారి కావాలనిపించే రోజులు కూడా ఉంటాయి, అప్పుడు ఎవరైనా చదివి పెడితే వింటూ కుట్టడమే. గొలుసు కుట్టు, కాడ కుట్టు లాంటివాటికి చెవులు ఖాళీగానే ఉంటాయి. గునుగు దగ్గర మాత్రం కుదరదు, కథ వింటూ ఏ పోగు ఎక్కించారో మర్చిపోతారు.

మొదట కొనాల్సింది ఇంతే: కేస్‌మెంట్ అర మీటరు, గులాబీ ఒకటి, బూడిద తెలుపు ఒకటి, పసుపులు రెండు, నారింజ ఒకటి, ఆకుపచ్చలు రెండు, సూదుల ప్యాకెట్టు, ఆరంగుళాల ఫ్రేము, కొస పదునున్న చిన్న కత్తెర. బైండుకు దబ్బనం, లావు నూలు దారం విడిగా తీసుకోండి. దబ్బనం ఎంబ్రాయిడరీ సామాను కొట్లో దొరకకపోతే గోనెసంచులు, పరుపులు కుట్టేవాళ్ళను అడిగితే ఎక్కడ కొన్నారో చెప్తారు. ఆ బైండులో ఎన్ని బెజ్జాలున్నాయో, వెన్నుకు గుడ్డ అతికించి ఉందో కాగితమే ఉందో చెప్పండి. గుడ్డ అయితే అది ఊడదీయకుండా కుట్టే పద్ధతి వేరే ఉంది, దాన్ని విడిగా రాస్తాను.